నీళ్లు నిండినయా

రంగశాయిపేటల మా గల్లీకి
రెండు దినాలకోపాలి నల్లా వస్తది,
పొద్దుగాల నాలుగింటికి, అదీ ముప్పావు గంట.
బాప్తిస్మం ఉన్న వారం నేను చర్చిలనే పంట,
పైపు మెడ పట్టుకొని.

పుల్పిట్ కింద చెక్కలు లేపితే తొట్టి.
సున్నం వాసన, ఎన్నడో మునిగినోళ్ల వాసన.
ఒకపాలి బల్లి పిల్ల దొరుకుతది,
ఒకపాలి ఎవరిదో చెవి కమ్మ.
ముప్పై ఒక్క ఏండ్ల సంది కడుగుతున్న.
సర్కారు కాయిదాల మీద ఐలయ్యను,
సంఘం రిజిస్టర్ల యోబును.
ఏ పేరుతోని పిలిచినా బకెట్ బరువు అంతే.

బర్నబా అయ్యగారు వచ్చిన కొత్తల
గేటు తాళం అడిగిండు. ఇచ్చిన. మల్ల ఇయ్యలే.
కుక్కలొస్తయి అయ్యగారూ అన్న.
రానీ యోబూ, ఎండ ఉన్నది గద, అన్నడు.

మా దగ్గర మాలోళ్ల చాప, మాదిగోళ్ల చాప అని
ఎవ్వలు పైకి అనరు.
కూసునేటప్పుడు మోకాళ్లకు యాదికొస్తది.
అయ్యగారు బల్లనాడు చిన్న గ్లాసులన్ని డబ్బల సర్ది
ఒక్కటే గిన్నె నడిపిచ్చిండు.
కొందరు తాగిండ్రు. కొందరు పెదవి తడిపిండ్రు.
నేను గిన్నె తిప్పి అవతలి అంచుకు తాగిన.
ఆయన చూసిండు.

నీలవేణి వానల పూట వచ్చింది,
కాజీపేట రైళ్లల్ల చప్పట్లు కొట్టే చేతులు
కొంగుల దాసుకొని.
కుడి దిక్కు మగోళ్లు, ఎడమ దిక్కు ఆడోళ్లు.
ఎటు కూసోవాలె అన్నా, అని నన్నే అడిగింది.
నేను చెప్పులు ఇడిసే జాగ చూపిచ్చిన.

ఎనిమిది ఆదివారాలు ఆడనే కూసున్నది.
ప్రార్థన అయ్యి బయటికొస్తే
ఎవ్వరి చెప్పులు వాళ్ల ముంగట,
జతలు జతలుగ.
ఎవరు పెడుతున్నరో అందరికి ఎరుకే,
ఎవ్వలు అడగలే.

తొమ్మిదో ఆదివారం అయ్యగారు పుల్పిట్ ఎక్కలే.
పోయి చెప్పుల నడుమ నిలబడి వాక్యం మొదలువెట్టిండు.
మేమంతా చాపల మీద గిర్రున తిరిగినం.
గప్పుడు ఎనుక వరుస ముంగటి వరుసైంది.

ఆమె బాప్తిస్మం అడిగింది.
కమిటీ రాత్రి పదకొండు దాక కూసున్నది.
ఆడనో మగనో, గడిల ఏం రాయాలె
అన్నడు గిద్యోను సారు.
రెండు కుటుంబాలు సంఘం ఇడిసిపెట్టినయి.
ఒకటి నా తమ్మునిది.

ఆ తెల్లారుజామున నల్లా వచ్చింది. ఇన్న.
మెలుకువనే ఉన్న.
పైపు పెట్టలే.

ఏడు గంటలకు అయ్యగారు వచ్చి
యోబూ, నీళ్లు నిండినయా, అన్నడు.
చెక్క లేపి చూసిండు.
తొట్టిల బల్లి పిల్ల ఒక్కటే.
నన్ను ఒక్క మాట అనలే, అంటే బాగుండు.
లుంగీ ఎగజెక్కి, రెండు బకెట్లు పట్టుకొని
బోరింగు కాడికి నడిచిండు.
ఆయన ఎన్కనే నీలవేణి, ఒక బిందె.

నేను మెట్ల మీద కూసొని లెక్కవెట్టిన.
అయ్యగారి వయసు అరవై రెండు.
పదకొండో తాపకు ఆయన చెయ్యి వణికింది,
నీళ్లు మెట్టు మీద ఒలికి నా కాలు తడిసింది.
పన్నెండో తాప నేను తెచ్చిన.

అయినా నడుము దాక రాలే నీళ్లు.
ఆమె తొట్టిల మోకాళ్ల మీద కూసున్నది.
అట్లయితేనే మునుగుతదని
అయ్యగారు కూడ మోకాళ్ల మీద కూసున్నడు.
ఎవరు ఎవరికి ఇస్తున్నరో
ఎనుక నుంచి చూసినోళ్లకు తెల్వలే.

గిద్యోను సారు ఆ గడి ఖాళీ ఇడిసిండు.
పేరు మాత్రం ముత్యాల లెక్క రాసిండు.

ఆరాధన అయినంక గుంపంతా గుమ్మం కాడ ఆగింది.
ఒకరి చెప్పుల మీద ఒకరి చెప్పులు, కుప్ప.
నాది ఒకటే దొరికింది.
వంగి ఎతుకుతుంటే గుర్తుకొచ్చింది,
ఇయ్యాల ఆమె
లోపల కూసున్నది.